మూడో అద్దాల పెట్టె

మా యూనివర్సిటీ లైబ్రరీలో అరుదైన పుస్తకాలుండే గది కింది అంతస్తులో ఉంది. చీకటి పడితే ఆ ఛాయలకి ఎవరూ పోయేవారు కాదు. తాళం వేసిన మూడో అద్దాల పెట్టెలో పుస్తకం దానంతటదే పేజీ తిప్పుకుంటుందని ఆ గదికి చెడ్డ పేరుండేది. పగలంతా దెయ్యాల్లేవని వాదించే ప్రొఫెసర్లు కూడా ఆరు దాటితే "రేపొచ్చి చూస్తాంలే" అని జారుకునేవారు.

కౌంటరులో కూచునే నాకు ఈ కథంతా చెప్పింది మా బైండరుగారు. చిరిగిన పుస్తకాలు అతికే మనిషి. ఆ గదిలో ఆఖరి ఎగ్జిబిషన్ పెట్టింది ఆయన భార్యే. పాత ప్రయాణికుల డైరీలు... అది మొదలైన వారానికే ఆవిడ ఆస్పత్రిలో చేరింది, మళ్ళీ రాలేదు. ఆవిడ చోట్లో ఎవరినీ వేయలేదు. పెట్టెలు అలాగే ఉండిపోయాయి. మూడో పెట్టె తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

ఒకే పేజీ మీద రోజూ వెలుతురు పడితే సిరా వెలిసిపోతుంది. అందుకని ఆవిడ ఆ పెట్టెలో డైరీకి రోజుకో పేజీ తిప్పేది. తిప్పాక కింది మూలన సన్నటి తెల్లకాగితం ముక్క దోపేది. అది ఆవిడ సొంత అలవాటు, ఇంకెవరికీ లేదు.

ఆవిడ పోయాక కూడా పేజీలు తిరుగుతున్నాయి... మూలన కాగితం ముక్క ఉంటోంది.

మాకు గుండెలు జారిపోయాయి. బైండరుగారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆస్పత్రిలో ఆఖరి సాయంత్రం ఆవిడ "కాసేపుండు" అంటే, "పనుంది, రేపొస్తా" అని వెళ్ళిపోయారాయన. ఒక్కసారి కనిపిస్తే చాలు, క్షమించమని అడగాలి.

ఒక రాత్రి ఆయన దీపాలార్పి బీరువా వెనక కూచున్నారు.

తొమ్మిదైంది... పది... మెట్ల మీద చెప్పుల్లేని అడుగులు. పెట్టె దగ్గర ఆగాయి. తాళం తెరుచుకున్న చప్పుడు — పేజీ కదిలింది.

"వచ్చావా..." అన్నారు బైండరుగారు.

"అమ్మో... ఎవరది?"

లైటు వేశారు. గదులూడ్చే ముసలమ్మ. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో కాగితం ముక్క. చీపురు గోడకి ఆనించి ఉంది.

"నేనే బాబూ. ఆస్పత్రికి వెళ్తూ అమ్మగారే తాళంచెవి ఇచ్చి, ఎట్లా తిప్పాలో నేర్పారు. తానొచ్చేదాకా రోజుకొకటి తిప్పమన్నారు. ఆపమని ఎవరూ చెప్పలేదు కదా. తాళంచెవి నా దగ్గరుందంటే దొంగంటారేమోనని నోరెత్తలేదు."

ఆయన దగ్గరికొచ్చి అడిగారట:

"ఇంకేమైనా చెప్పిందా... నా గురించి?"

ముసలమ్మ తలొంచుకుంది.

"లేదు బాబూ. పేజీల గురించే చెప్పారు."

మర్నాటికి ఈ కథ లైబ్రరీ అంతా పాకింది. అందరూ పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఎంత చీకటైనా ఆ గదికి హాయిగా వెళ్తున్నాం. బైండరుగారు మాత్రం అటు తొంగి కూడా చూడరు. తర్వాతెప్పుడో నాకిది చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. దెయ్యం లేదని తేలినందుకు ఏడ్చిన మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను.