ఇంటికొక చెయ్యి

పొద్దెక్కి చాలాసేపయింది. సుక్రు ఇంకా అరుగు మీదే కూర్చుని చోడి అంబలి తాగుతున్నాడు. గ్లాసుడు అంబలికి ఎవరికీ అంతసేపు పట్టదు. లేస్తే ఎటు వెళ్లాలో తేలక ఆ గ్లాసునే పట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి వాలులో, చర్చి పక్కన సుత్తుల చప్పుడు మొదలైంది. రాయి మీద సుత్తి సరిగ్గా పడితే ఒక చప్పుడు, తప్పుగా పడితే ఇంకో చప్పుడు. అతని చెవికి రెండో రకమే ఎక్కువగా వినిపిస్తోంది.

“ఊరంతా అక్కడుంటే నువ్విక్కడ కోళ్లకి కాపలా ఏటి?” అంది భార్య సోములమ్మ వాకిలి ఊడుస్తూ.

“నన్నెవులు పిలిసినారు?”

“తొమ్మిది రోజుల్నించీ ఇదే మాట. అంబలైనా సల్లారింది గానీ నీ కోపం సల్లారనేదు.”

సుక్రు ఇంకో గుక్క కోసం చెయ్యెత్తాడు. గ్లాసు ఖాళీ అయి కూడా చాలాసేపైందని అప్పుడు చూసుకున్నాడు.

పనసగుడలోనే కాదు, చుట్టుపక్కల అయిదారు ఊళ్లలో రాతిగోడ కట్టాలంటే సుక్రే. ముప్ఫై ఏళ్లుగా కాఫీ తోటల గట్లకీ, బడి ముందరి గోడకీ అతని చేతులే పడ్డాయి. ముంచింగిపుట్టు సంతకు వెళ్తే ఎవరో ఒకరు పలకరించి, “మేస్త్రీ, నువ్వు కట్టిన గట్టు ఈ వానకీ కదల్నేదు” అనేవారు. ఆ మాట వినడం కోసమే అతను వారం వారం సంతకు వెళ్తాడని సోములమ్మ ఆటపట్టించేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ ఊళ్లో చర్చి అంటే చిన్న రేకుల షెడ్డు. ఆదివారం పెద్దవాళ్లంతా లోపల కూర్చుంటే యువకులూ పిల్లలూ చూరు కింద నిలబడాలి. వానాకాలం వస్తే పిల్లలు పాట పాడుతూనే తడిసిపోయేవాళ్లు. సండే స్కూలు టీచరు రత్న అది చూడలేక, పిల్లలకూ యువకులకూ వేరే ఒక గది కావాలని విశాఖపట్నంలోని ఒక చర్చికి ఉత్తరం రాసింది. 2004 మే నెల సెలవుల్లో అక్కడి నుంచి పద్నాలుగు మంది కాలేజీ పిల్లలు రైల్లో అరకు దాకా, అక్కడి నుంచి జీపుల్లో వచ్చి దిగారు. సిమెంటూ రేకులూ వాళ్లు తెచ్చారు. రాళ్లు కొండవి, మనుషులు ఊరివాళ్లు.

రత్న సుక్రు కూతురు. ఒక్కర్తే కూతురు, ఇరవై మూడేళ్లది. తల్లీ కూతుళ్లు చర్చికి వెళ్తారు, సుక్రు మాత్రం కొండదేవతకు కోడిని కోస్తాడు. క్రిస్మస్ రోజు భోజనాల వేళకి చర్చికీ వస్తాడు. ఆ విషయంలో ఆ ఇంట్లో ఏనాడూ పేచీ లేదు.

పేచీ అంతా పిలుపు దగ్గర వచ్చింది. ఆ ఊళ్లో ఎవరైనా ఇల్లు కట్టుకుంటే, కట్టుకునే మనిషి తెల్లవారుతూనే గుమ్మం గుమ్మానికీ వెళ్లాలి. లోపలికి వెళ్లకూడదు, కూర్చోకూడదు. గుమ్మంలో నిలబడి “మీ ఇంటి నుంచి ఒక సెయ్యి కావాల” అని అడగాలి. అడిగితే ఎంత పగ ఉన్న ఇంటి నుంచైనా ఒక మనిషి కదలాల్సిందే. అడగకపోతే అన్నదమ్ములైనా రారు.

రత్న అలాగే తిరిగింది. చర్చి మొహం చూడని ఇళ్లకూ వెళ్లింది, ఆఖరికి గ్రామదేవత పూజారి గుమ్మంలోనూ నిలబడింది. ఆ రోజు సుక్రు కోడి కూయకముందే లేచి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, సుత్తి తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఊరంతా తిరిగి వచ్చిన కూతురు అంబలి తాగి, తలకు తువ్వాలు చుట్టి, సిమెంటు మోసే గమేళా చంకన పెట్టుకుని అతని ముందు నుంచే వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్క మాట అంది. “అయ్యా, కోళ్లు సూసుకో.”

ఆ మాట సుక్రుకి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

సోములమ్మ వాకిలి ఊడవడం పూర్తయ్యేసరికి బుధు వచ్చాడు. సుక్రుకి బావ వరస, వయసులోనూ ఈడు.

“పైపక్క గోడ నడుమెత్తు లేసింది బావా,” అన్నాడు అరుగు మీద కూలబడుతూ. “ఆ పట్నం పిల్లలు బలే ఒళ్లొంచుతున్నారు. అరిసేతులు బొబ్బలెక్కినా ఆగటంనేదు.”

“నీళ్లు పోడానికి గోడలో కన్నాలొదిలినారా?”

“కన్నాలా? ఎక్కడా సందు నేకుండా సిమెంటుతో పూసినారు. గట్టిగుంటాదని.”

సుక్రు గ్లాసు కింద పెట్టేశాడు. “ఒరే, అక్కడ ఊటుంది గదా. వానలు పడితే కొండ నీరంతా అక్కడికే దిగుతాది. నీకు తెలీదా?”

“ఎందుకు తెలీదు? మన ఈడోళ్లందరికీ తెలుసు.”

“మరి నోరిప్పనేదేటి?”

బుధు తెల్లబోయాడు. “పని సేయించేది సుక్రు కూతురు. కూతురికి నువ్వు సెప్పకుండా ఉంటావా అనుకున్నాం. నువ్వుండగా గోడ గురించి మేమేటి మాటాడతాం?”

సుక్రు లేచాడు. పిలవని పనికి అతను జన్మలో వెళ్లలేదు. వెళ్తే ఊళ్లో తలెత్తుకోలేనని తెలుసు. కానీ ఆ గోడకు ఆనుకుని ఎవరు కూర్చుంటారో కూడా తెలుసు. రెండు ఆలోచనలూ పోట్లాడుకుంటూ ఉండగానే కాళ్లు వాలు ఎక్కేశాయి. బుధు రొప్పుతూ వెనక పడ్డాడు. చీపురు పారేసి సోములమ్మ కూడా బయలుదేరింది.

అక్కడ ఎవరితోనూ మాట్లాడలేదు సుక్రు. పక్కనే పడి ఉన్న గునపం తీసుకుని గోడ మూడో వరసలో పెట్టి ఒక్క తోపు తోశాడు. సిమెంటు పగిలి రాయి ఊడి కింద పడింది. సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

“అయ్యా, ఏటి సేత్తన్నావు?” రత్న నెత్తిమీది గమేళా దించి పరుగున వచ్చింది.

“ఇప్పేయండి. ఈ గోడ నిలవదు.”

“తొమ్మిది రోజులు సేతులు పుళ్లు సేసుకుని కట్టినారు ఈళ్లు. అన్ని రోజులూ గుమ్మం దిగనోడివి, ఇయాల వచ్చి గునపం ఎత్తినావా?”

“దిగమని ఎవులు సెప్పినారు?” సుక్రు గునపం కింద పడేశాడు. “నలభై గుమ్మాల్లో నిలబడినావు. పూజారి గుమ్మం కనపడింది నీకు. నిన్ను కన్న ఇంటి గుమ్మం కనపడనేదు. నాను మీ పాటలు పాడననే గదా.”

 కోపంతో ఎర్రబడ్డ రత్న ముఖం మెల్లగా తెల్లబోయింది.

“అదా నీ మనసులో ఉంది?” అంది. “ఇంటికొక సెయ్యే గదయ్యా అడుగుతారు. మనింటి సెయ్యి నాను. నానొచ్చీసినాక మనింట్లో ఇంకెవుల్ని అడగాల? ఇద్దరొస్తే లెక్క తప్పదా?”

“ముప్ఫై ఏళ్లు ఆ సెయ్యి నాను.”

“అవును. మూడేళ్ల కిందట బుధు మావ ఇల్లు కడతన్నప్పుడు నీ ఎదటే అన్నారు గదా, సుక్రు తరవాత ఆ ఇంటికి సెయ్యి నేదు, ఉన్నది ఆడగుంట అని. నువ్వు తల వంచుకుని రాయి కొడతా ఉండిపోయినావు. నాను నీళ్ల బిందెతో నీ ఎనకే ఉన్నాను. అంతా ఇన్నాను.”

సుక్రుకి ఆ రోజు గుర్తుంది. ఆ మాట మరో చెవిన పడిందని మాత్రం ఇంతకాలం తెలియదు.

“నిజం బావా,” అన్నాడు బుధు నేల చూపులు చూస్తూ. “మొన్న నా గుమ్మంలో నిలబడి మొదట అన్న మాట అదే. ‘మావా, సుక్రు ఇంటి సెయ్యి నాను. నీ ఇంటి సెయ్యి కావాల’ అంది. అన్ని గుమ్మాల్లోనూ అలాగే అందంట.”

నలభై గుమ్మాల్లో తన పేరు చెప్పిందన్నమాట.  తొమ్మిది రోజులు తను అరుగు మీద కూర్చుని లెక్కపెట్టుకున్నది అవమానం కాదు, తన అదృష్టం. ఇంత వయసొచ్చీ అంత మాత్రం తెలుసుకోలేకపోయినందుకు సిగ్గుతో కుంచించుకుపోయాడు.

పట్నం పిల్లల్లో పెద్దవాడు జగదీష్, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, గోడ ముందు తనే నిలబడి వరస సరిచూసే తాడు పట్టినవాడు. అతను నెమ్మదిగా ముందుకొచ్చాడు. “మేస్త్రీగారూ, గోడలో తప్పేంటో చెప్పండి. మాకు తెలియాలి.”

“సెయ్యెట్టి సూడు బాబూ,” అన్నాడు సుక్రు, రాయి ఊడిన చోటు చూపించి.

జగదీష్ మోచేయి దాకా లోపలికి పెట్టాడు. తీసేసరికి వేళ్లకు తడిమట్టి అంటుకుని ఉంది. నడి ఎండాకాలంలో కొండ లోపల అంత చెమ్మ.

“పశువులు కాసినప్పుడు ఇక్కడే దోసిలి పట్టి నీళ్లు తాగేవోణ్ని. వానలు పడితే ఆ నీరంతా గోడ ఎనక నిండుతాది. పోడానికి దారి నేకపోతే గోడని తోసీసి పోతాది.”

“పైనంతా ఎండిపోయి ఉంటే మేం తవ్వి చూసుకోలేదండి. తప్పు మాదే,” అన్నాడు జగదీష్.

ఇప్పుడు అందరూ సుక్రు వైపు చూశారు. సుక్రు రత్న వైపు చూశాడు. ఆమె గోడను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకసారి చూసుకుంది. తొమ్మిది రోజుల కష్టం, ఇంక మూడు రోజుల్లో పట్నం పిల్లల సెలవు అయిపోతుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

“పిల్లలు దీనికి వీపు ఆనించి కూకుంటారు,” అంది. “ఇప్పేద్దాం.”

తనే వంగి మొదటి రాయి తీసింది. జగదీష్ రెండోది తీశాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

మధ్యాహ్నానికి గోడ నేలమట్టమైంది. మళ్లీ మొదలుపెట్టమని జగదీష్ తాపీ తెచ్చి సుక్రు చేతికివ్వబోయాడు. సుక్రు రెండడుగులు వెనక్కి వేసి ఒక బండ మీద కూర్చున్నాడు.

“ఇంటికొక సెయ్యే బాబూ. మా ఇంటి సెయ్యి అదిగో, అక్కడుంది. దాన్ని దాటి నాను రాయి ముట్టుకోను. నోటికి మాత్రం లెక్కనేదు.”

అందరూ నవ్వారు. కానీ అతను అన్నంత పనీ చేశాడు. పట్నం పిల్లలు ఇంటికి కబురు చేసి ఇంకో నాలుగు రోజులు ఉండిపోయారు. ఆ వారం రోజులూ సుక్రు ఒక్క రాయి ముట్టుకోలేదు, ఒక్క క్షణం నోరు మూయలేదు. గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఎక్కడ వేయాలో, నీళ్ల కన్నం ఎంత వాలుగా పెట్టాలో, ఏ రాయిని ఏ పక్క కొట్టాలో అన్నీ ఆ బండ మీద నుంచే. బొబ్బలకు గుడ్డలు చుట్టుకున్న పిల్లల్ని ఎంత తిట్టాడో, రత్నను అంతకు రెట్టింపు తిట్టాడు. అందరికీ అంబలి తెచ్చిన సోములమ్మ, “గోడ లేసీలోగా నీ గొంతు పడిపోతాది” అంటూ మొదటి గ్లాసు అతనికే పోసింది.

ఏడో రోజున పైమూల వచ్చింది. రాతిగోడకు మూల కట్టడమే అసలు పని. అక్కడ రెండు గోడల బరువూ ఒక్క రాయి మీద పడుతుంది. సుక్రు నోరు తెరిచి, ఎందుకో మళ్లీ మూసుకున్నాడు. రత్న కుప్పలో వెతికి ఒక రాయి తెచ్చింది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక అంచు సుత్తితో రెండు దెబ్బలు కొట్టింది, మళ్లీ తిప్పింది, పెట్టింది. చేయి దులుపుకుని ఇంకో రాయి కోసం వెళ్లిపోయింది. బండ వైపు చూడనే లేదు.

సుక్రు లేచి వెళ్లి ఆ మూల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక కన్ను మూసి అంచు వెంట చూశాడు. అరచెయ్యి ఆనించి నిమిరాడు. ముప్ఫై ఏళ్ల పనితనమంతా పెట్టి తప్పు వెతికాడు. దొరకలేదు. కళ్లు నిండిపోయి రాయి కనబడకుండా పోయింది. అంతమంది చూస్తున్నా అతనికి తుడుచుకోవాలనిపించలేదు.

“సరిగ్గా ఉందా మేస్త్రీగారూ?” వెనక నుంచి అడిగాడు జగదీష్.

“నన్నేటి అడుగుతావు బాబూ,” అన్నాడు సుక్రు. “కట్టిన మేస్త్రీని అడుగు.”