ఆకు ఖాతాలో పడిన థాంక్స్

ఆ రోజు నా కొట్టుకి మొదట వచ్చింది బేరం కాదు, తిట్టు.

మా ఇలోఇలో ఊరి పెద్ద మార్కెట్‌లో ఎండుచేపల వరసలో మాది మూలకొట్టు. షట్టర్ పైకెత్తి బుట్టలు సర్దుతున్నానో లేదో, ఒకమ్మాయి వచ్చి నిలబడింది. భుజాల దాకా జుట్టు, చేతిలో తడిసిన గొడుగు. బయట వాన పడుతోంది కానీ ఆమె కళ్ళలో మాత్రం ఎండ కాస్తోంది.

"ఎల్మెర్ సోలివియో మీరేనా?"

"నేనేనండీ. నెత్తళ్ళు బాగున్నాయి, ఇప్పుడే దిగాయి."

"నాకు లక్ష్మణఫలం ఆకులు కావాలి. ఎన్నుంటే అన్నీ."

"ఇది చేపల కొట్టండీ."

"ఫేస్‌బుక్‌లో మాత్రం ఆకుల కొట్టు!" అంటూ ఫోన్ నా ముక్కు మీదకి తెచ్చింది.

నా పేరు. నా ఫోటో. దాని కింద: 'నా గడ్డ కరిగిపోయింది. అంతా లక్ష్మణఫలం ఆకుల కషాయం చలవ. ఆ ఆకులకి వెయ్యి దండాలు.'

"ఆ గ్రూప్ కాన్సర్ పేషెంట్లది. నేను దాని అడ్మిన్‌ని, జోవెలిన్. ఇలాంటిది చదివి కీమో మానేసేవాళ్ళు ఉంటారని తెలుసా మీకు? కట్ట ఎంతకి అమ్ముతున్నారు?"

"అమ్మాయ్, నాకే గడ్డా లేదు. నాకున్న జబ్బల్లా ఒకటే, పొద్దున్నే వచ్చిన ఆడపిల్లకి ఎదురు చెప్పలేకపోవడం."

"ఓహో, జోకులు కూడానా?"

ఇంకెవరైనా అయితే తిట్టుకి తిట్టు తూచి ఇచ్చి పంపేవాణ్ణి. కానీ బోణీ వేళ. మా మార్కెట్‌లో మొదట వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపితే ఆ రోజు వ్యాపారం మునిగినట్టే లెక్క. నెత్తళ్ళు పొట్లం కట్టి ఆమె ముందు పెట్టాను.

"తిట్టండి, కాదనను. కొని తిట్టండి."

ఆమె కూడా ఈ ఊళ్ళో పెరిగిన పిల్లే. బోణీ బేరం తిప్పికొట్టలేకపోయింది. గొణుక్కుంటూనే డబ్బులిచ్చి, పొట్లం చంకలో పెట్టుకుని, వదిలిన చోట నుంచి మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే వెనక తెర తొలగించుకుని మా అమ్మ వచ్చింది. ఊళ్ళో అందరికీ ఆమె నానాయ్ క్రెసింగ్, అంటే క్రెసింగమ్మ. తల చుట్టూ గుడ్డ, చేతిలో పొగలు కక్కే గ్లాసు.

"టోటో, ఎవర్రా పొద్దున్నే?" అంది నాతో. కొడుకుని మా వైపు అలాగే పిలుస్తారు.

జోవెలిన్ ఆ తలగుడ్డ చూసింది. గ్లాసు చూసింది. నా వైపు చూసింది. ఆమె గొంతులో వాన వెలిసింది.

"నానాయ్, ఈ ఫోన్ మీరు కూడా వాడతారా?"

"మా వాడిదేగా, నాకు వేరే ఎందుకూ? నేను రాసింది చదివావా ఇందాయ్ తల్లీ? బాగుందా?"

"చాలా బాగుందండీ" అంది జోవెలిన్. ఆమె నోట నేను విన్న మొదటి అబద్ధం అదే. అంత మర్యాదగా అబద్ధం చెప్పే మనిషిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. 'సారీ. నెత్తళ్ళు బాగున్నాయి.'

'తిట్లు కూడా తాజాగానే ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు తెస్తారు?' అని కొట్టాను.

అలా మొదలైంది మా రాకపోకల వ్యాపారం. ఆమె పళ్ళ డాక్టర్ దగ్గర అసిస్టెంట్. అంతకుముందు మెడలో గడ్డ వచ్చి, కీమో చేయించుకుని బయటపడిన మనిషి. ఆ గ్రూప్‌లో చాలావరకు జబ్బు మాటలు ఉండవు. ఒకరికి నోరు చేదుగా ఉంటే ఇంకొకరు పుల్లటి చారు ఎలా పెట్టాలో చెబుతారు, తలగుడ్డ ఎలా కట్టుకోవాలో ఫోటోలు పెట్టుకుంటారు, నిద్ర పట్టనివాళ్ళు కోళ్ళ కబుర్లు చెప్పుకుంటారు. మా అమ్మకి రొమ్ము ఆపరేషన్ అయి, కీమో మధ్యలో ఉంది. ఆమె రోజంతా నవ్వేది ఆ గ్రూప్‌లోనే. అలాంటిచోట ఆమె పోస్ట్‌ని జోవెలిన్ తీసేసింది. అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది.

"నేను థాంక్స్ చెబితే తప్పేంటిరా?"



రెండు మూడు రోజులకి జోవెలిన్ ఫోన్ చేసింది. తిట్టలేదు. అందుకే భయమేసింది.

"గిమరాస్‌లో నోర్మింగ్ అని ఒకావిడ ఉన్నారు, మన గ్రూప్‌లోనే. పోస్ట్ తీసేలోపే చదివేశారట. ఇక కీమోకి రానంటున్నారు. గురువారం ఆవిడ వంతు. ఇప్పుడు మానేస్తే జబ్బు మళ్ళీ లేస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నేను ఫోన్ చేస్తే పెట్టేస్తున్నారు. డాక్టర్ల మనిషినట."

గిమరాస్ మా ఊరికి ఎదురుగా కనిపించే దీవి. పడవెక్కితే కాసేపట్లో అవతలి గట్టు. అయినా ఆవిడకి అది దాటడం ఇష్టం లేదు.

నేను అమ్మ దగ్గర కూర్చున్నాను.

"నానాయ్, నీ గడ్డ తీసిందెవరు?"

"డాక్టరు. నువ్వూ ఉన్నావుగా అక్కడ."

"మరి ఆకులని ఎందుకు రాశావు?"

"పాసింగ్‌కి ఏం చెప్పమంటావురా మరి?" అని నా మీదకి లేచింది.

మానాంగ్ పాసింగ్, అంటే పాసింగక్క, పక్క వరసలో ఆకుకూరలమ్మే ఆవిడ. నా చిన్నప్పటి నుంచీ మా కొట్టుకీ ఆమె గంపకీ ఇచ్చిపుచ్చుకోవడమే. అమ్మకి జబ్బని తెలిసిన నాటి నుంచి పెరట్లోని చెట్టు ఆకులు కోసి రోజూ తెచ్చిస్తోంది.

"వానలో తడుస్తూ తెచ్చేది. ఎలా ఉంది మానాంగ్, పనిచేస్తోందా అని అడిగేది. లేదే అని మొహం మీద చెప్పనా? నీ ఆకుల వల్లే కోలుకున్నాను అన్నాను. ఏడ్చింది పిచ్చిది. నలుగురిలో చెబితే ఇంకా సంతోషిస్తుందని రాశాను."

అప్పుడు అర్థమైంది నాకు. మా దగ్గర ఇచ్చిన వస్తువు కాదనడం ఇచ్చిన మనిషిని కాదనడమే. డాక్టర్‌కి మా పక్కన కొట్టు లేదు. రోజూ పలకరించేది పాసింగ్. అందుకని సరుకు ఒకరిది, బిల్లు మీద పేరు ఇంకొకరిది.

"నీ మాట నమ్మి గిమరాస్‌లో ఒకావిడ కీమో మానేసింది, నానాయ్."

అమ్మ గ్లాసు కింద పెట్టేసింది. 

"పడవ ఎప్పుడుంది?" అంది.

మర్నాడు ముగ్గురం రేవుకి వెళ్ళాం. పడవ కదిలిందో లేదో వాన అందుకుంది. పడవవాడు నీలం పరదా దించాడు. అమ్మ ముందు బల్ల మీద ఒక్కతే విశాలంగా కూర్చుని, వెనక మా ఇద్దరికీ ఇరుకు చోటు మిగిల్చింది. నాకు వ్యాపారం నేర్పింది ఆవిడే మరి.

"అమ్మకి తోడు నేనున్నాగా. మీరెందుకు బయల్దేరారు?" అంది జోవెలిన్.

"మీకు తోడు."

"నాకెందుకు తోడు?"

"మీరు తిట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

నవ్వు ఆపుకోడానికి సముద్రం వైపు తిరిగింది. పరదా సందులోంచి చినుకులు ఆమె చెంప మీద పడుతుంటే తుడుచుకోలేదు. నేను గొడుగు విప్పబోయాను.

"పడవలో గొడుగేంటి? ఎగిరిపోతాం. మూసెయ్యండి."

మూసేశాను. కాసేపటికి తనే మెల్లగా అంది. "నేనూ తాగాను తెలుసా, ఆ ఆకులు. ఎవరికీ చెప్పకండి, అడ్మిన్ పరువు పోతుంది."

"మీరా?"

"భయమేస్తే ఏదైనా తాగుతాం. చేదుగా ఉంది కదా, మందే అయ్యుంటుంది అనిపిస్తుంది. తర్వాత డాక్టరమ్మకి చెబితే ఆపేయమంది, అసలు మందుతో పేచీ పెట్టుకోవచ్చంది. అయినా నా కోపం తాగేవాళ్ళ మీద కాదు. భయపడే మనిషికి 'కీమో అక్కర్లేదు' అని చెప్పేవాళ్ళ మీద."

ఆ మాట విన్నాక నేనిక జోకులు వెయ్యలేదు. ఈ మనిషి పక్కన ఇంకా చాలా పడవలు ఎక్కాలని మాత్రం అనిపించింది.

నోర్మింగ్ ఇల్లు మామిడితోట అంచున ఉంది. ఒంటరి మనిషి. తలగుడ్డ, లోతుకు పోయిన కళ్ళు. ఈమధ్య అమ్మ గ్రూప్‌లో పెట్టిన తలగుడ్డ ఫోటో చూసింది కాబట్టి గుమ్మంలోనే గుర్తుపట్టింది.

"ఆకుల మానాంగ్! మీరే వచ్చారా! రండి రండి, ఇప్పుడే పొయ్యి మీద పెట్టాను, మీరు చెప్పినట్టే."

గిన్నెలో ఆకులు కుతకుతమంటున్నాయి. అమ్మ కూర్చోలేదు.

"నోర్మింగ్, నేను సగమే రాశాను. కత్తితో కోసి తీశారు. సూదితో మందెక్కించారు, ఇంకా ఎక్కిస్తున్నారు. జుట్టు ఊడింది, గోళ్ళు నల్లబడ్డాయి. అదంతా వదిలేసి ఆకు ఒక్కటే రాశాను. ఆకిచ్చింది నా పక్కగంప మనిషి, ఆమె మనసు నొప్పించలేక."

నోర్మింగ్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంటే మీ మొహమాటానికి నేను చావాలా?"

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "తిట్టు. తిట్టడానికే వచ్చాననుకో. కానీ గురువారం మాత్రం రా."

నోర్మింగ్ పొయ్యి వైపు తిరిగింది. ఈసారి ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఆకు మీద నాకంత నమ్మకమేం లేదు మానాంగ్. కీమో అయ్యి తిరిగొచ్చేటప్పుడు పడవలో వాంతులు. అందరూ ముక్కు మూసుకుని అవతలికి జరుగుతారు. ఒక్కదాన్నే. మీ పోస్ట్ చూసి, హమ్మయ్య, ఇక పడవెక్కక్కర్లేదు, దేవుడు సెలవిచ్చాడు అనుకున్నాను."

జోవెలిన్ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను బేరం అందుకున్నాను. మాది బేరాలాడే నోరు.

"టీటా నోర్మింగ్" అన్నాను, పిన్ని వరస కలిపి. "నేను గిమరాస్‌లో చేపలు కొంటాను. మీ కీమో రోజే సరుకు రోజుగా పెట్టుకుంటా. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మీ పక్కనే. నా ఎండుచేపల బుట్టల మధ్య కూర్చుంటే మీ వాంతి వాసన ఎవరికీ తెలీదు. ముక్కు మూసుకుంటే నన్ను చూసి మూసుకుంటారు."

నోర్మింగ్ నోరు తెరిచి చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. నవ్వుతూనే పొయ్యి ఆర్పేసింది.

బయటికొచ్చాక జోవెలిన్ అడిగింది. "మీరు నిజంగా ఇక్కడ చేపలు కొంటారా?"

"ఇవాళ్టి నుంచి."

"నష్టం కదా?"

"చేపల్లో నష్టమే" అన్నాను. ఆమె అర్థం కానట్టు నటించింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తిరిగొచ్చాక అమ్మకి అసలు గండం మిగిలింది, పాసింగ్‌కి చెప్పడం. గంప పక్కన పీట వేసుకుని కూర్చుని, నీళ్ళు నములుతూ నములుతూ చెప్పింది.

పాసింగ్ తోటకూర కట్టలు కడుతూనే ఉంది. "నాకు తెలుసులే మానాంగ్. ఆకుతో పోయే జబ్బైతే మా ఆయన బతికుండేవాడు."

"మరి రోజూ ఎందుకు తెచ్చావే?"

"ఇంకేం తేవాలో తెలీక."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ పూట రెండు కొట్లకీ నేనే కాపలా. తోటకూర ధర తెలీక కొంత నష్టం వచ్చిందని పాసింగ్ ఇప్పటికీ దెప్పుతుంది.

అమ్మ కొత్త పోస్ట్ రాసింది. జోవెలిన్ ఒక్క అక్షరం తియ్యలేదు. 'నా గడ్డ తీసింది డాక్టరు. మిగిలింది కీమో చూసుకుంటోంది. పాసింగ్ నాకు ఆకులు తెచ్చింది. ఆకులు నాకు నయం చెయ్యలేదు. కానీ రోజూ నా కోసం వానలో ఒక మనిషి వస్తుందని తెలిసి నేను లేచి కూర్చున్నాను. ఆ థాంక్స్ పాసింగ్‌కి. ఎవరూ కీమో మానకండి.'

గురువారం నోర్మింగ్ వచ్చింది. చేపల బుట్టల మధ్య రాణిలా కూర్చుని వచ్చింది. కీమో గదిలో కుర్చీలో వాలి, చేతికి సూది పెట్టించుకుని కళ్ళు మూసుకుంది. మందు చుక్క చుక్కగా దిగుతోంది. అమ్మ ఆమె పాదాల దగ్గర కూర్చుని గంజి చల్లారుస్తోంది. జోవెలిన్ లంచ్ టైములో క్లినిక్ నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆ చుక్కల్ని చూసి కళ్ళు తుడుచుకుంది.

నేనింక ఆగలేకపోయాను.

"జోవెలిన్, నువ్వంటే నాకిష్టం."

ఆమె ఉలిక్కిపడి చుట్టూ చూసింది. "ఇక్కడా? ఇప్పుడా?"

"పడవలో చెబుదామంటే వాన. మార్కెట్‌లో చెబుదామంటే వాసన."

"నాతో బేరం లాభం కాదు ఎల్మెర్. చెకప్ ఉన్న ప్రతిసారీ వారం ముందు నుంచి నిద్రపోను. రేపేంటో నాకే తెలీదు. పిల్లలు పుడతారో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేదు."

"నేను అడిగింది గ్యారంటీ కాదు. ఆ వారం రోజులూ నీ పక్కన కూర్చునే చోటు."

పక్క కుర్చీల్లోని ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నారు. గంజి కలిపే చెంచా చప్పుడు కూడా ఆగిపోయింది.

"మా నాన్నని అడగాలి" అంది చివరికి, చాలా చిన్నగా. "ముందే చెబుతున్నా, ఆయన ఎండుచేపలు ముట్టడు."

"పెద్దవాళ్ళం వెళ్ళి అడుగుతాం, మా పద్ధతి ప్రకారం వంటలన్నీ మోసుకుని. చేపలు లేకుండానే" అంది అమ్మ, ఇంతసేపూ వినలేదన్నట్టు.

నోర్మింగ్ కళ్ళు తెరవకుండానే మాట కలిపింది. "మామిడిపళ్ళు నావి. నేనూ వస్తా అడగడానికి. కానీ ఇప్పుడు కాదు. నా కీమోలన్నీ అయ్యాక, జుట్టు కాస్త వచ్చాక. ఫోటోలో బాగుండొద్దూ? అప్పటిదాకా ఆగుతారా లేదా?"

నేను నోరు తెరిచేలోపే జోవెలిన్ వంగి, మా వైపు పెద్దల దీవెన అడిగే పద్ధతిలో, ఆ సూది గుచ్చిన చేతిని జాగ్రత్తగా ఎత్తి తన నుదుటికి ఆనించుకుంది.

"ఆగుతాం టీటా" అంది. "మీరు వచ్చేదాకా ఆగుతాం."