రెండు మార్కుల యాప్

"నాకీ పెళ్ళి వద్దు బావా."

ముహూర్తం పెట్టుకోవడానికి నాలుగు రోజులున్నాయనగా రమ్యశ్రీ కర్నూలులో బస్సెక్కి, ఎమ్మిగనూరులో మా చీరల అంగడికొచ్చి అన్న మొదటి మాట ఇది. మడతపెడుతున్న చీర నా చేతిలోంచి జారిపోయింది.

"నేను నచ్చలేదా?"

"అది కాదు. ఇది చూడు." ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. జన్యువుల గురించి చెప్పే యాప్ అది. తెరంతా ఎర్రగా ఉంది. 'దగ్గరి రక్తసంబంధం. పిల్లలకు ముప్పు.'

మా తాత, వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, అన్నాచెల్లెళ్ళు. అందుకే నేను బావను, తను మరదలు. చిన్నప్పటి నుంచీ ఆ పిలుపంటే ప్రాణం నాకు. ఆ నిమిషంలో మాత్రం ఒళ్ళు మండింది.

రమ్యశ్రీ ఎమ్మెస్సీ జెనెటిక్స్. ఇలాంటి యాప్‌ల నాణ్యత పరీక్షించి మార్కులు వేయడమే తన ప్రాజెక్టు. సంచిలో కనిపిస్తున్న ఆ కాగితాలు లాక్కుని చూశాను.

"ఏందిది? దీనికి ఐదుకు రెండే ఏసినావే! రెండు మార్కుల దాని మాట నమ్మి నన్ను వద్దంటాండావా?"

"మార్కులు తక్కువైతే చెప్పేదంతా అబద్ధమైపోతాదా బావా? దగ్గరి రక్తం సంగతి మా కాలేజీ మేడం కూడా చెప్తాది."

"మరి రెండే ఎందుకేసినావు?"

"ఎవురు రాసినారో చెప్పదు. యాడ నుంచి తెచ్చినారో చెప్పదు. చుట్టాలా అని అడుగుతాది, ఎట్ల చుట్టాలో అడగదు."

"నువ్వడిగినావా?"

రమ్యశ్రీ గబగబా కాగితాలు లాక్కుని సంచిలో కుక్కేసింది. నాకు భలే సంతోషమేసింది. మా జేజిని అడుగుదామని వెంటనే ఇంటికి తీసుకెళ్ళాను.

మా జేజి హనుమమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది. రమ్యశ్రీ పక్కనే చతికిలబడి, నోటుబుక్కులో మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు గీసింది. మా తాత చదరాన్నీ, వాళ్ళ జేజి సున్నానీ కలుపుతూ ఒక గీత లాగింది.

"జేజీ, వీళ్ళ అమ్మానాయన పేర్లు చెప్పు."

"ఇద్దరికీ ఒకే అమ్మానాయన ఎట్లయితారే? మీ జేజి మా పక్కింటి గురప్ప కూతురు. మా ఇంటాయనకు తోడబుట్టినోళ్ళు లేరు. ఆ పిల్లనే చెల్లెలా చెల్లెలా అని పిలుచుకుంటాండె. పెండ్లికి పుట్టింటి చీర కూడా తనే నేసిచ్చె."

"అయ్యో, మాకెవురూ చెప్పలేదే!" అంది రమ్యశ్రీ.

"మీరడిగితే కదా!"

రమ్యశ్రీ ఆ గీతను కాగితం చిరిగేలా చెరిపింది. "ఇరవైమూడు ప్రశ్నల ఫారం పెట్టుకుని అన్నిటికీ మార్కులేస్తాండా. ఇంట్లో ఒక్క ప్రశ్న అడగలేదు చూడు" అంది. తల మాత్రం ఎత్తలేదు. "అయినా రక్తపరీక్ష ఇద్దరం చేయించుకుందాం."

"పది చేయించు" అన్నాను. "అది సరే, నీ ఫారం లెక్కన ఒక్కో యాప్‌ను ఎన్నిసార్లు పరీక్షించాల?"

"రెండుసార్లు."

"దీన్ని?"

జేజి రాట్నం ఆపేసింది. రమ్యశ్రీకి సిగ్గు ముంచుకొచ్చింది.

"పద్నాలుగు."

"అన్నిసార్లు ఎందుకే?"

"ఒక్కసారన్నా, తప్పుగానైనా, మనల్ని పెళ్ళి చేసుకోమని చెప్తాదేమోనని బావా" అంది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ.