కాల్చని రెల్లు

ఆ రాత్రి రెల్లులో ఏం చూశారన్నది తప్ప మరేదైనా అడగండి, రేంజరుగారు చెబుతారు. పక్షుల దారులు చెబుతారు, నీటి మట్టాలు చెబుతారు. అది మాత్రం చెప్పరు. ఒకే ఒక్కసారి భార్యతో అన్నారట. ఆవిడ చెప్పగా తెలిసినది ఇది.

చిత్తడి నేల నడుమ ఒక రెల్లు పొద ఉండేది. పొద్దుగూకితే అటువైపు ఎవరూ తల తిప్పేవారు కారు. ఎన్నడో గడ్డికి పెట్టిన మంటలో ఒక తల్లీబిడ్డా చిక్కుకున్నారని, నాటినుంచి అక్కడ జోల వినిపిస్తుందని చెప్పుకునేవారు.

అయితే గడ్డి కాల్చక తప్పదు. ముదురు రెల్లులో నక్కలు పొంచి ఉంటాయి. కాలిన నేలమీద లేతపచ్చిక మొలిస్తేనే వలస బాతులు వాలతాయి, లేకపోతే... పైపైనే సాగిపోతాయి. ఆ ఏడు మబ్బు కమ్ముకొస్తోంది. మర్నాడు కాల్చకపోతే ఇక కుదరదు.

కావలివాళ్లు కాగడా పట్టడానికి ఒప్పుకోలేదు.

"లోపల మనిషి ఉందండీ," అన్నాడొకడు.

"పక్షి అయి ఉంటుంది," అన్నారు రేంజరుగారు.

"పక్షులు జోల పాడతాయా సార్?"

"నేను చూసి వస్తాను."

"వెళ్లండి సార్. మీ కోపం చూస్తే దెయ్యమే బదిలీ అడుగుతుంది!"

ఆయన నవ్వలేదు. టార్చి తీసుకుని ఒక్కరే లోపలికి నడిచారు.

రెల్లు తలకు మించిన ఎత్తు. గాలి లేదు. అయినా ముందెక్కడో ఆకులు కదులుతున్నాయి... లయగా... ఎవరో ఊయల ఊపుతున్నట్లు. దుబ్బులు తప్పించుకుంటూ ఇంకొంచెం ముందుకు వెళ్లారు. పాట ఆగింది—

టార్చి వెలుగులో ఆమె. ఒడిలో పసిబిడ్డ. వెనకనున్న రెల్లుమీద ఆమె నీడ పడలేదు.

ఆమె పెదవులమీద వేలుంచింది.

"నెమ్మదిగా అన్నయ్యా... పాపకు ఇప్పుడే నిద్రపట్టింది."

ఆయన టార్చి ఆర్పేశారు. అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చారు.

"ఏముంది సార్?"

"పక్షి. అరుదైనది. గూడు కట్టుకుంది. ఈ పొద వదిలి మిగతాది కాల్చండి."

ఫైల్లోనూ అలాగే రాశారు. బాతులు దిగాయి, పొద దరిదాపుల్లో మాత్రం ఒక్కటీ వాలలేదు. అయినా ఆయన ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ రెల్లుకు నిప్పు తగలలేదు.

ఆయన రిటైరయ్యాక కొత్త రేంజరు ఉత్తరం రాశాడు:

"అయ్యా, తమ ఆజ్ఞ ప్రకారం ఆ పొదను ఇన్నాళ్లూ ముట్టలేదు. ఎంత కాపు కాసినా పక్షి కనబడలేదు, గూడూ లేదు. నక్కలకు మాత్రం మంచి మరుగైంది. వచ్చే సోమవారం కాల్చేద్దామనుకుంటున్నాం. అంతకుముందు ఒక్కమాట... అది ఏ పక్షి అండీ?"

రేంజరుగారు తెల్లకాగితం ముందు పెట్టుకున్నారు. కలం మూత తీశారు. ఒక్క అక్షరమూ రాయకుండా మళ్లీ మూత పెట్టేశారు.

జవాబు వెళ్లకుండానే సోమవారం వెళ్లిపోయింది. రెల్లు కాలిందో లేదో ఆయన అడగలేదు.