ఆ సీసాలో జున్నుపాలు

నాకు మాట్లాడకపోతే తిన్నది అరగదండీ. అలాంటివాణ్ణి తెచ్చి మా అమ్మాయి మృదుల ఈ పరాయిదేశంలో, అత్లోన్ అనే ఊళ్ళో పెట్టింది. మా ఆవిడ పోయింది. అల్లుడికి ఉద్యోగం ఎక్కడో దూరాన కార్క్ అనే ఊళ్ళో. మృదులేమో ఆసుపత్రిలో డాక్టరు. పగలంతా ఇంట్లో నేనూ, కెటిలూ. దాంతోనైనా కబుర్లు చెబుదామంటే, నీళ్ళు కాగగానే టక్కున ఆగిపోతుంది.

అప్పటికి మృదులకి ఏడో నెల. తొలిచూలు. "జున్ను తినాలనుంది నాన్నా" అంది ఓ రోజు. ఇంకేం, నా సంబరం చూడాలి! వెనక పొలం హెలెన్‌గారి ఆవు ఈనిందని తెలిసి, వెళ్ళి పాలు అడిగాను. "గ్రాండ్, రేపు ఇస్తా" అందావిడ, సరేనన్నట్టు.

మర్నాడు ఫ్రిజ్ తీస్తే సీసా! చిక్కగా, మీగడ రంగు పాలు. మూత మీద ఏదో నంబరు. ఆ రోజు నైట్ డ్యూటీ నుంచి వస్తూ అమ్మాయే హెలెన్‌గారి దగ్గర తెచ్చి పెట్టి, మేడ మీద పడుకుందనుకున్నాను. లేచేసరికి వేడిగా పెడదామని బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరికి పెట్టాను.

నవంబరు కదా, నాలుగున్నరకే చీకటి. గాలి కూడా లేదు. మూత సందులోంచి వాసన... జున్నుది కాదు. ఉప్పు. నాచు. మురిగిన చేప. తీపి చూద్దామని ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాను. నాలుకంతా నూనె.

అప్పుడే సాహిత్య వచ్చింది. మా ఇంట్లో గది అద్దెకు తీసుకుని, సముద్రజీవుల మీద పరిశోధన చేసే పిల్ల. ఖాళీ సీసా చూసి తెల్లబోయింది.

"అంకుల్... ఏం చేశారిది?"

"జున్నమ్మా! నీకూ పెడతాలే, తొందరపడకు."

"అది ఆవుపాలు కాదు అంకుల్! మొన్న మేయో సముద్రపు ఒడ్డుకి కొట్టుకొచ్చి చచ్చిపోయిన కిల్లర్ వేల్ తిమింగలం పాలు. రేపు పొద్దున్నే ల్యాబ్‌కి తీసుకెళ్దామని నేనే ఫ్రిజ్‌లో పెట్టాను. మృదులక్క తిందా?"

"లేదు. ఇంకా లేవలేదు."

ఆ పిల్ల గోడకి చేరబడింది. "వాటిలో విషం ఉంది. పాత కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలోని నూనెలది అంకుల్, సముద్రంలో కలిసింది. చేపల్లోంచి వాటిని తినే సీల్ జంతువులోకి, సీల్‌ని తిన్న తిమింగలంలోకి. కొవ్వులో ఉండిపోతుంది. పాలతోనే దిగుతుంది. తల్లి ఒంట్లో ఏళ్ళపాటు చేరిందంతా తొలిచూలు పిల్ల తాగేస్తుంది."

"మరి దీని పిల్ల?"

"బతకలేదు."

గిన్నెతో సహా సంచిలో కట్టి, కారులో పట్టుకుపోయింది. మళ్ళీ నేనొక్కణ్ణే.

పెరటి తలుపు అవతల... ఫూ... మని ఊపిరి. పెద్దది. తడిది. తలుపు అద్దానికి బయటివైపు ఆవిరి పట్టింది. ఈ ఊరికి సముద్రం కారులో గంటన్నర దూరమండీ.

"ఎవరూ?" గుసగుసగా అడిగాను.

ఫూ...

తాగినవాణ్ణి నేనే కదా. నా కోసమే వచ్చిందనుకున్నాను. "నేను నీ పిల్లని కాదు తల్లీ... ముసలాణ్ణి" అన్నాను.

ఊపిరి ఆగింది. హమ్మయ్య అనుకున్నాను.

ఈసారి పైనుంచి వినిపించింది. మృదుల గదిలోంచి.

మెట్లు ఎలా ఎక్కానో తెలీదు. గది నిండా నాచు వాసన. చీకట్లో అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని.

"ఏమైనా తిన్నావా అమ్మా?"

"ష్... ఏమీ తినలేదు నాన్నా. ఇలా వచ్చి విను."

వంగి విన్నాను.

అమ్మాయి కడుపులోంచి... గుటక్.

గుటక్...

గుటక్...

తీరిగ్గా. ఆత్రం తీరాక పసిబిడ్డ తల్లిపాలు తాగినట్టు.