కలపని కుందేళ్ళు

ఆ శనివారం పొద్దున మంచు ఇంకా విడవకముందే తెరిసమ్మ రెండు గూళ్ళూ కడిగి, క్యారెట్ ఆకులు తెంపి పెట్టింది. ఒక గూట్లో తన తెల్ల కుందేలు లిల్లీ. రెండోదాంట్లో మేనకోడలు జీవిత పెంచుకుంటున్న బూడిదరంగు చిట్టి. రెండూ ఆడవే. వారం రోజులుగా గూళ్ళు పక్కపక్కన పెడితే ఊచల సందులోంచి ముక్కులు రాసుకుంటున్నాయి.

"అత్తా, ఈరోజు కలిపేద్దామా?" తొమ్మిదేళ్ళ జీవిత గంతులేసింది.

"బేగి మొహం కడుక్కుని రా. సర్చి వరండాలో వొదులుదుము. అక్కడైతే ఇది నా సోటని ఏదీ కొట్లాడదు."

వంటింట్లోంచి ఏంజెలిన్ విసురుగా వచ్చింది. "వద్దు వదినా. కలపొద్దు."

ఏంజెలిన్ తెరిసమ్మ తమ్ముడు ఎజ్రా భార్య. ఎజ్రా పోయి రెండేళ్ళయింది. పెళ్ళి చేసుకోని తెరిసమ్మ, ఈ తల్లీకూతుళ్ళు, అరకులో ఆ ఇంట్లో ముగ్గురే. ఏంజెలిన్‌కి పుట్టింటి ఊరు సాలూరులో టీచరు ఉద్యోగం వచ్చి పది రోజులైంది. సోమవారం చేరాలి. కూతురికి చెప్పలేదు, వదినకు అసలే చెప్పలేదు. గంటల తరబడి పాఠాలు చెప్పబోయే మనిషికి ఇంట్లో ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదు మరి!

"ఏటమ్మా, నిన్నటిదాకా లేని అడ్డం ఇయ్యాల ఎందుకొచ్చింది?"

"పశువుల డాక్టరు చెప్పాడుగా. ఒకసారి జత కుదిరాక విడదీస్తే మిగిలిపోయినది తిండి మానేస్తుందని. పాపం కదా!"

"ఇడదీసేది ఎవులు?"

ఇక దాచడం ఏంజెలిన్ వల్ల కాలేదు. తలెత్తకుండానే ఉద్యోగం సంగతి, సోమవారం ప్రయాణం సంగతి చెప్పేసింది.

తెరిసమ్మ గూటి ముందు చతికిలబడింది. "కుందేలు తిండి మానేత్తాదని ఆలోసించావు. బాగుంది. మరి నానో? నీ గుంటకి పాలపళ్ళు రానప్పట్నించీ అన్నం కలిపి పెట్టాను. నాను తింతానో మానేత్తానో ఒక్కపాలైనా అనుకున్నావా?"

"చెబితే వెళ్ళనివ్వరేమోనని..."

"తాళం ఏసి ఆపుతానేటి? ఆపడానికి నానెవుల్ని? సచ్చిపోయినోడి అక్కని!"

జీవిత ఏడుస్తూ చిట్టిని ఎత్తి మేనత్త ఒళ్ళో పెట్టింది. "ఇది నీకిచ్చేస్తాను అత్తా. దీన్నీ లిల్లీనీ కలుపుకో. అప్పుడు నువ్వు ఒక్కదానివే ఉండవు."

"నాకు కావలసింది కుందేలు కాదే, నా తల్లీ!" తెరిసమ్మ పిల్లను గుండెకు హత్తుకుని బావురుమంది.

ఏంజెలిన్‌కి సిగ్గేసింది. పసిపిల్లకు తోచిన మాట తనకు తోచలేదు. వదిన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "మీరూ మాతో రండి వదినా. ఉన్నదే తిందాం."

"ఈ మాట ఆ కాయితం వచ్చిననాడు అనుంటే ఈపాటికి మూట కట్టుకునుందును," తెరిసమ్మ చెయ్యి విడిపించుకుంది. "ఇప్పుడు నా ఏడుపు సూసి అన్నావు. నాను రాను."

కుందేళ్ళను కలపలేదు. సోమవారం చిట్టి బుట్టలో జీవిత వెంట సాలూరు బస్సెక్కింది. తెరిసమ్మ మేనకోడలికి ముద్దుపెట్టి, మరదలి వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఏంజెలిన్ ఫోన్ చేసింది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె ఎన్నడూ అడగని మాట అడిగింది.

"అన్నం తిన్నారా వదినా?"

"లిల్లీ తింది," అని తెరిసమ్మ ఫోన్ పెట్టేసింది.

కూతురు చూస్తోందని కూడా లేకుండా ఏంజెలిన్ ఏడ్చింది.