దిష్టి పోగు

మగ్గం మీద నాడె కుడి నుంచి ఎడమకు దూసుకెళ్లి ఠక్కున ఆగింది. మాణిక్యం కాలిపలక తొక్కి మళ్లీ విసిరింది. మణికట్టు మీది తృప్తిపట్టీ ఆకుపచ్చగా వెలుగుతోంది. పొద్దుటి శ్రమవంతు ఇంకా రెండు గంటలుంది.

కావలసినవన్నీ కూర్పుయంత్రాలే చేసిపెడుతున్న కాలం. మనుషులకు ఖాళీజబ్బు పట్టకుండా ఏదో ఒక పనికి కూర్చోబెట్టడం శ్రమమండపాల బాధ్యత. పక్క మండపాల్లో ఉత్తుత్తి పనులు చేయిస్తారని అందరికీ తెలుసు. తమది మాత్రం అసలైన పని అని మాణిక్యానికి మహా గర్వం. ఇక్కడ నేసిన పొత్తిగుడ్డలు ఉప్పురేవులో పుట్టే పసిబిడ్డలకు వెళతాయి. యంత్రం గుడ్డ అక్కడి పిల్లల ఒంటికి పడదట. తల్లులు రాసే ఉత్తరాలను మండపం పెద్ద జోగారావు చదివి వినిపిస్తాడు. ఒక తల్లి తన బిడ్డకు పేరు పెట్టమని అడిగితే, పిల్లల్లేని మాణిక్యం తన తల్లి పేరే పంపింది. ఆ శాంభవికి ఇప్పుడు ఆరేళ్లు. ఈపాటికి ముందు పళ్లు ఊడి ఉంటాయని నిన్ననే అనుకుని నవ్వుకుంది.

పసివాళ్లకు దిష్టి తగలకూడదని ప్రతి గుడ్డ చివరి వరసలో మసిలో ముంచిన జానెడు పోగు అతకడం ఆమె అలవాటు. తనిఖీకన్ను దాన్ని నేతలో లోపంగా నమోదు చేసి వదిలేస్తుంది.

నాడెలోని నూలు కండె అయిపోయింది. కొత్తది నాడెలో పెట్టి పోగు లాగింది. నాలుగు బారలు తెల్లగా వచ్చాక జానెడు నలుపు వచ్చింది. దానికి అటూ ఇటూ ఎడమచేతి మెలికతో వేసిన అతుకులున్నాయి. చిన్నప్పుడు కుడి బొటనవేలు విరిగిన మాణిక్యం తప్ప అలా మెలిపెట్టేవాళ్లు ఆ మండపంలో లేరు. అది తను అతికిన దిష్టి పోగే.

పట్టీ రంగు మారిందని జోగారావు పరుగున వచ్చాడు. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

"ఈ కండె ఎక్కడిదన్నయ్యా?"

పోగు చూడగానే అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"విప్పుడుగది నుంచి వచ్చింది. మీరు నేసినవన్నీ అక్కడ విప్పేసి, ఆ నూలే మళ్లీ కండెలకు చుడతారు. అందరివీ అంతేనమ్మా."

"మరి ఉత్తరాలు?"

"నేనే రాసేవాణ్ణి. నీ మీద అభిమానంతోనే రాశాను."

"శాంభవి?"

"పేరు పెట్టమని అడిగిందీ నేనేనమ్మా."

పరాయివాడు మోసం చేస్తే తిట్టి ఊరుకునేది. ఇతను పదకొండేళ్లుగా రోజూ తన ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషి. లేని పిల్లకు తన చేతే పేరు పెట్టించాడు. మాణిక్యానికి ఏడుపు కూడా రాలేదు.

"ఇన్నేళ్లూ హాయిగా నిద్రపట్టిందా లేదా?" అతను గొంతు తగ్గించాడు. "గుడ్డ ఏమైపోతే ఏం, కష్టపడ్డ సుఖం నీదేగా. మిగతావాళ్లకి చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"కష్టం నాది. అది ఎవరికోసమో తేల్చుకోవాల్సింది కూడా నేనే, నువ్వు కాదు."

ఆమె కత్తెర తీసింది. సగం నేతలో పడుగు, అంటే మగ్గానికి కట్టిన నిలువు పోగులు, కోయడం నేతవాళ్లు చెయ్యని పని.

"వద్దమ్మా, మళ్లీ పడుగు ఎక్కించాలంటే నెల పడుతుంది."

రెండు వేల పోగులు తెగేదాకా ఆమె ఆగలేదు. మూరెడు గుడ్డను మడిచి భుజాన వేసుకుంది.

"ఉప్పురేవు ఉందా, అదీ నువ్వు రాసిందేనా?"

"ఉంది. కానీ అక్కడ నీకోసం ఎవరూ ఎదురుచూడట్లేదు."

"పిల్లలు పుడుతున్నారుగా. చాలు."

మండపం తలుపుకు మనుషుల్ని లెక్కపెట్టడం తెలుసు. నేసిన గుడ్డ బయటికి పోతుంటే ఏం చెయ్యాలో దానికెవరూ నేర్పలేదు. తెరుచుకుంది, సగం మూసుకుంది, మళ్లీ తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మాణిక్యం వెనక్కి చూడకుండా ఎండలోకి నడిచింది.

ఆ మాటలన్నీ విన్న పక్క మగ్గం సూరమ్మ నాడె ఆపి, తన కత్తెర కోసం వెతుక్కుంది.